పసుపు పోగు జోలికి ఎవరూ పోలేదు

దసరా మరునాడు నడివీధిలో లక్ష్మీరాజం పికప్పు మోటరు ఢామ్మని పేలి, వెనక నిలబడ్డ చేనేత సొసైటీ అధ్యక్షుడు సిద్దిరాములు తెల్ల టోపీని నల్లగా చేసిన సంగతి మీరు మరిచిపోయి ఉండరు. ఆయన టోపీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, చల్లగా అన్న మాట కూడా గుర్తుండే ఉంటుంది.

"శుక్రారం మళ్ల వస్త రాజం. గప్పుడు గూడ గిట్లనే తుపాకులు పేలిస్తే, మన బట్టల బేళ్లు ఎప్పటిలెక్క ఎడ్లబండ్ల మీదనే మంచిర్యాల టేషనుకు పోతయి. నీ మోటరుకో దండం."

ఆ శుక్రవారం రానే వచ్చింది.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టిన వాళ్ల కోసం నాలుగు మాటలు. లక్సెట్టిపేటలో లక్ష్మీరాజం, చంద్రవ్వ నేతపని చేసుకునే ఆలుమగలు. ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మేసి, మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న ఆ ముసలి బండిని కొన్నారు. సొసైటీ సరుకు దొరికితే బండి నిలబడుతుంది. దొరకకపోతే, తలకు ఎప్పుడూ ఎర్ర రుమాలు చుట్టుకుని తిరిగే పర్శరాములు బండిని కొనేస్తానని నస్పూర్ నుంచి వస్తాడు. ఇప్పటికే రెండుసార్లు వచ్చి, బండి చుట్టూ తిరిగి, ఇంజను విప్పుకుపోయి తన పొలంలో నీళ్ల పంపుకు బిగించుకుంటానన్నాడు. బండి పోయాక లక్ష్మీరాజం ఏం చెయ్యాలో చంద్రవ్వ అన్న భూమన్న ముందే తేల్చిపెట్టాడు. బొగ్గుబాయి! నస్పూర్‌లో తెలిసిన మేస్త్రీ ఉన్నాడట. పేరు రాయించడమే తరువాయి అట.

చంద్రవ్వకు అన్నం సయించనిది ఆ మాటకే. ఆమె మొగుడు ఆరడుగుల పైచిలుకు మనిషి. తన ఇంటి దర్వాజకే రోజూ తల కొట్టుకుంటాడు. పెళ్లయిన నాటి నుంచీ అదే దర్వాజ, అదే నుదురు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కాసేపు కూర్చుంటేనే ఊపిరాడటం లేదని లేచి వాకిట్లోకి వచ్చి నిలబడతాడు. అలాంటి మనిషిని భూమి కిందికి దింపితే పైకి ఏ తీరున వస్తాడు? ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. అన్న దగ్గర ఉంది కానీ, "అందరు దిగుతలేరా?" అన్నది ఒక జవాబా?

అందుకని ఆ ఉదయం ఆమె మగ్గం మీద కూర్చుందే గానీ, చెవులు మాత్రం వాకిట్లో బండి దగ్గర ఉన్నాయి.

బయట బండి బాగుచేసే తోమాసు హ్యాండిల్ తిప్పాడు. డగ్... డగ్... తుస్... డగ్... ఢామ్! కోళ్లు నాలుగు దిక్కులకూ లేచిపోయాయి. ఎదురింటి మేక తాడు తెంపుకుంది. అరుగు మీద కూర్చుని పొగాకు నములుతున్న ఐలవ్వ, అంటే చంద్రవ్వ అత్త, "రామ రామ, ఎవలింట్ల పెండ్లి?" అంది. పేలినప్పుడల్లా ఆమె ఆ మాటే అంటోంది.

చంద్రవ్వ పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆపి విన్నది. మగ్గంలో పోగు తెగితే ఆమె వంగి చూడదు. కాలికే తెలిసిపోతుంది. ఈ మోటరు చప్పుడు వింటుంటే, ఒక తొక్కుడుపలక కట్టేసి రెండోదానితోనే నేస్తున్న మగ్గంలా ఉంది ఆమెకు. సగం దెబ్బలు పడుతున్నాయి. మిగతా సగం ఎటు పోతున్నాయో తెలియదు.

మగ్గం దిగి, చాయ్ కాచి, రెండు గ్లాసులు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

బండి ముందు మూత పైకెత్తి ఉంది. లోపలికి నడుము దాకా దూరిపోయాడు తోమాసు. బయటికి కనబడుతున్నవల్లా నూనె మరకల నిక్కరు, రెండు కాళ్లు. ఆ కాళ్ల పక్కన పనిముట్లన్నీ కొంగులో పోసుకుని అతని భార్య దెబోరా నిలబడి ఉంది. ఇద్దరూ మిషన్ కాంపౌండులో ఉంటారు. మిషన్ వాళ్ల జీపు దగ్గర పని నేర్చిన తోమాసు, ఏ బండి ఆగినా ముందు ప్రార్థన చేస్తాడు, ఆ తర్వాత పానా పడతాడు. ప్రార్థనతో బాగయిందా, పానాతో బాగయిందా అని ఎవరైనా అడిగితే, "బాగైంది గద, నీకెందుకు?" అంటాడు. ఈసారి ప్రార్థనా అయింది, పానా అయింది. బండి మాత్రం దసరా నాటి నుంచీ అలాగే పేలుతోంది.

"రాజమన్న ఏడి వదినె?" అన్నాడు తోమాసు, తల బయటికి తీసి గ్లాసు అందుకుంటూ.

"కమ్మరాయన కాడికి పోయొస్తనన్నడు. బోల్టు ఏదో కావాలన్నడట గద నువ్వు?"

"నేనా? నేనేం అడగలే."

చంద్రవ్వ ఆ మాట సరిగా పట్టించుకోలేదు. ఆమె చూపు బండి మీదే ఉంది. "ఏం రోగమో జర నాకు గూడ చెప్పు తోమాసూ. ఆయనకు చెప్తే ఆయన నాకు చెప్పడు."

తోమాసుకు వివరించడమంటే ఇష్టం. గ్లాసు దెబోరా చేతికిచ్చి, మళ్లీ బండిని కదిలించాడు.

"గిండ్ల నాలుగు కుండలున్నయనుకో. నాలుగిట్లకు పెట్రోలు పోతది, నాలుగిట్ల నిప్పంటుకుంటది, నాలుగు తంతయి. బండి ఉరుకుతది. గిప్పుడు రెండే తంతున్నయి. మిగిలిన రెండు ఊకె కూసొని తింటున్నయి."

"మా ఇంట్లలెక్క," అంది దెబోరా. "మా ఇంట్ల ఒకటే ఉన్నది, గంతే."

తోమాసు విననట్టు నటించి, చేతికి పొడిగుడ్డ చుట్టుకుని, మొదటి ప్లగ్గు మీది తీగ పీకాడు. బండి కుంగిపోయి, ఇక నా వల్ల కాదన్నట్టు వణికింది. తీగ తిరిగి పెడితే తేరుకుంది. రెండోది పీకాడు. బండికి చీమ కుట్టినట్టయినా లేదు. మూడోదీ అంతే. నాలుగోది పీకేసరికి మళ్లీ కుంగింది.

"చూసినవా? రెండోది, మూడోది. ఉన్నా అంతే, లేకున్నా అంతే."

"ప్లగ్గులు పాడైనయేమో?"

"ఒకటోదాని ప్లగ్గు తీసి రెండోదానికి పెట్టిన, రెండోదాని ప్లగ్గు ఒకటోదానికి పెట్టిన. ఇక్కడ పండుకున్న ప్లగ్గే అక్కడ మంచిగ పనిచేసింది. ప్లగ్గుల తప్పు లేదు." రెండో తీగ కొసను ఇనుముకు దగ్గరగా పట్టాడు. చిటుక్కున నీలం రంగు రవ్వ ఎగిరింది. "నిప్పున్నదా? ఉన్నది. పెట్రోలున్నదా? ప్లగ్గు తడిసి కంపు కొడుతున్నది. ఊపిరున్నదా? ప్లగ్గు బొక్కకు బొటనేలు అడ్డం పెడితే తోసేస్తున్నది. కార్బురేటర్ విప్పి కడిగిన. అన్ని ఉన్నయి వదినె. అన్ని ఉండి పెండ్లిగాని ఇల్లులెక్కున్నది."

బండి ఢామ్మంది. "రామ రామ, ఎవలింట్ల పెండ్లి?" అంది అరుగు మీది నుంచి ఐలవ్వ. తోమాసు బండి ఆపేశాడు.

"మరి నువ్వు ఇప్పి చూడంది ఏమన్న మిగిలిందా?" అని అడిగింది చంద్రవ్వ.

తోమాసు దెబోరా వైపు చూశాడు. దెబోరా తోమాసు వైపు చూసింది. తర్వాత ఇద్దరూ కలిసి ఆకాశం వైపు చూశారు.

"ఏం మిగల్లే," అన్నాడు తోమాసు.

"మిగిలింది," అంది దెబోరా.

"నువ్వు ఊకో."

"ఎందుకూకోవాలె? పొద్దుగాలకెళ్లి గదే చెప్పుకుంట పానాలు మోస్తున్న. అక్కా, నువ్వేమనుకోనంటే ఒక్క మాట. మీ దేవుని పోగు ఒక్కటి ముట్టలే."

"మా దేవుని పోగేంది?"

తోమాసు వేలు చూపించలేదు. వేలు చూపించినా తప్పేమో అన్నట్టు గడ్డంతో చూపించాడు. ఇంజను పక్కన కరెంటు పంచే నల్లటి డబ్బా ఒకటి ఉంది. దాని టోపీ నుంచి నాలుగు నల్లతీగలు నాలుగు ప్లగ్గులకు పోతాయి. ఆ నాలుగింటినీ దగ్గరికి చేర్చి, పెళ్లికూతురి జడలా పసుపు పోగుతో ఒత్తుగా చుట్టి ఉంది. ఏ తీగ ఎక్కడ బయలుదేరి ఎక్కడ తేలుతుందో కంటికి అందదు. చివర ఒక చిన్న నేతముడి, లాగేకొద్దీ బిగుసుకునే రకం.

"రాజమన్న మొదటి నాడే చెప్పిండు," అన్నాడు తోమాసు, గొంతు తగ్గించి. "బండిల ఏదన్న ఇప్పుగని తోమాసూ, ఆయుధపూజకు మా ఇంటామె కట్టిన పసుపు పోగు మాత్రం ముట్టకు, కట్టినోళ్లే ఇప్పాలె అన్నడు. నాకెందుకు వదినె? పోయినేడు ఒక లారీకి కట్టిన నిమ్మకాయల దండ తీసి జర పక్కకు పెట్టిన. గంతే. ఆ లారీకి పంక్చరైతే నేనే, అద్దం పలిగితే నేనే, ఆఖరుకు వాళ్ల బర్రె ఈనకపోతే గూడ నేనే."

"మరి ఆయనన్న ఇప్పి చూడద్దా?"

"అన్ననా? అన్న సబ్బుతోని చేతులు కడుక్కొచ్చి, దూరంకెళ్లి దండం పెట్టి, దాని పక్కపొంటి బోల్టులన్ని ఇప్పి మళ్ల బిగిచ్చిండు. పోగుకు మసి అంటకుంట అరిటాకు గూడ అడ్డం పెట్టిండు. నేను గూడ..." అని నాలుక కరుచుకున్నాడు.

దెబోరా మెడ తిప్పింది. "నువ్వు గూడ ఏంది?"

"ఏం లేదు."

"నువ్వు గూడ దండం పెట్టినవా?"

"మర్యాదకు పెట్టిననే! ఒకలింటికి పోతే మర్యాద ఉండద్దా?"

"ఆదివారం పాస్టరయ్యకు చెప్త నీ మర్యాద."

చంద్రవ్వకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే చూపు ఆ నేతముడి మీద ఆగింది.

ఆమెకు దసరా ముందటి రోజు గుర్తుకొచ్చింది. ఆయుధపూజకని నాడెలు కడిగింది, మగ్గం గుంజలు తుడిచి పసుపు రాసింది. ఇక బండి కూడా ఇంటి పనిముట్టే కదా అని, తడిగుడ్డ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పైమూత ఎత్తి చూస్తే లోపల మసి, నూనె. దాంట్లో తీగలు. రెండు తీగలైతే ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఎక్కి కూర్చున్నాయి. చూడగానే ఆమె చెయ్యి ఊరుకోలేదు. పీకింది, శుభ్రంగా తుడిచింది, మళ్లీ పెట్టింది. తిరిగి చిక్కుపడకుండా నడుములో దోపుకున్న మిగులు పోగు తీసి చుట్టేసింది. చుట్టి, దూరం జరిగి చూసుకుని మురిసింది కూడా.

"తోమాసూ," అంది మెల్లగా. "గది దేవుని పోగు గాదు."

"ఆఁ?"

"వట్టి పోగు. తీగలు చిక్కుపడకుంట కట్టిన. నేను కట్టింది పూజ దారం గాదు, మంత్రం గాదు."

"మరి పసుపు?"

"నా చేతులది. గుంజలకు రాసుకుంట వచ్చిన."

తాడు తెంపుకున్న మేక ఎటో అరిచింది. తర్వాత దెబోరా కొంగులోని పనిముట్లన్నీ గలగలా నేల మీద పోసి, వాటి పక్కనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. "ఇద్దరు మొగోళ్లు... వట్టి పోగుకు... దండాలు..." అంటుంటే ఆమెకు మాట తిరగడం లేదు.

చంద్రవ్వ నవ్వలేదు. వంగి, ముడి పంటితో తుంచి, పోగు చుట్టు చుట్టూ విప్పింది. తీగలు విడివిడిగా జారిపడ్డాయి. తోమాసు నల్లడబ్బా నుంచి ఒక్కో తీగ మీద వేలు పెట్టి ప్లగ్గు దాకా పోనిచ్చాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ పోనిచ్చాడు. అప్పుడు తల ఎత్తి ఆమెను చూశాడు.

"వదినె, నువ్వు గీ తీగలు పీకి మళ్ల పెట్టినవా?"

"తుడిసి పెట్టిన."

"ఎట్లున్నయో అట్లనే పెట్టినవా?"

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. తీగ ఏ గాలికో జారి ఉంటుందని తోమాసే ఏదో ఒక కథ అల్లుకునేవాడు. అరుగు మీద అత్త నమలడం ఆపింది. పొగాకు నమిలేటప్పుడు వినబడని చెవులు ఆమెకు ఇలాంటప్పుడు బ్రహ్మాండంగా వినబడతాయి. కానీ చంద్రవ్వ కళ్ల ముందు మెదిలింది అత్త కాదు. నుదుటికి దెబ్బ తగలకుండా వంగి వంగి బొగ్గుబాయిలోకి దిగుతున్న మొగుడు.

"లేదు," అంది. "సక్కగ పెట్టిన."

"సక్కగంటే?"

"రెండోది, మూడోది ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండె. నేసేటోళ్ల ఇంట్ల పోగు మీద పోగు ఎక్కితే ఎవలన్న చూసి ఏమంటరు? గీమెకు పని రాదనరా? అందుకే వరుసగ పెట్టిన. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

తోమాసు బండి చక్రానికి ఆనుకుని నేల మీదికి జారాడు. నవ్వాలో ఏడవాలో తెలియనివాడిలా రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. దాంతో మొహం మరింత నల్లబడింది.

"మోటరు వరుసగ తన్నదు వదినె. ఒకటి తన్నినంక మూడు. మూడు తన్నినంక నాలుగు. ఆఖరుకు రెండు. గందుకే గా రెండు తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి. గట్లనే ఎక్కాలె. నువ్వు సక్కజేసేసరికి రెండోదాని నిప్పు మూడోదానికి, మూడోదాని నిప్పు రెండోదానికి పోతున్నది. నోట్ల బుక్క లేనప్పుడు నములుమంటున్నది, బుక్క పెట్టినంక ఊకుంటున్నది. పేలకేం చేస్తది పాపం?"

చంద్రవ్వ అతని మొహంలోకి రెప్పవేయకుండా చూసింది. ఆమె కుడికాలు నేల మీద ఒకసారి తొక్కింది, ఎడమకాలు ఒకసారి.

"మరి గా ముక్క మొదలే చెప్పద్దా? గిది మగ్గమే గద! ఒక పలక తొక్కితే ఒకటోది, మూడోది లేస్తయి. ఇంకోటి తొక్కితే రెండోది, నాలుగోది. ఒకటెనుక ఒకటి వరుసగ లేస్తే బట్టెట్లయితది? పుట్టినకాన్నుంచి తొక్కుతున్న, బండి కాడికొచ్చేసరికి మరిచిపోతి!"

"నేనేం తక్కువ మరిచిపోయిన్నా?" అన్నాడు తోమాసు దిగులుగా. "పోగు కిందికి ఒక్కపారి చూడనియ్యమని నోరు తెరిచి అడిగితే పోయేది. మర్యాద, మర్యాద అనుకుంట..."

"లేచి తీగలు మార్చు," అంది దెబోరా. "మర్యాద చేసింది సాలు."

మార్చడానికి రెండు ఊపిర్లు తీసుకునేంత సేపు కూడా పట్టలేదు. తోమాసు కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. హ్యాండిల్ అందుకుని ఒక్క తిప్పు తిప్పాడు.

బండి గొంతు సవరించుకుంది. ఆ తర్వాత నాలుగు దెబ్బలూ నాలుగు చోట్ల సరిగ్గా పడుతూ, ఎక్కడా తొట్రుపాటు లేకుండా, పడుగు సాఫుగా కుదిరిన మగ్గంలా నడిచింది. చంద్రవ్వ కాలు తనకు తెలియకుండానే నేల మీద తాళం వేసింది. కంటి కొసన తడి వచ్చింది గానీ, పొగ వల్లనే అని కొంగుతో తుడిచేసుకుంది.

ఐలవ్వ అరుగు దిగి వచ్చింది. "మళ్ల ఆగిపోయిందా?"

"లేదత్తా. నడుస్తున్నది."

"నడిస్తే సప్పుడేది?"

"గిదే సప్పుడు. మంచిగైంది. నీ కొడుకును పిలువత్తా. కమ్మరాయన కాడున్నడట. నేనే చెప్త ఆయనకు, తప్పెవలదో. తిడితె తిట్టనియ్యి."

ఐలవ్వ పొగాకును ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. ఏ పనీ లేని చేతులతో చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "నాకేం తెల్వది," అంది.

"నిన్నేమడిగిన్నత్తా?"

"నువ్వు మగ్గం కాడున్నప్పుడు మీ అన్న భూమన్న వీధి మలుపు కాడికి ఎడ్లబండి కట్టుకోని వచ్చిండు. నాకేం తెల్వది. నీకు చెప్పద్దన్నరు. నేను చెప్తలే గద? నా కొడుకు సద్దిమూట పట్టుకోని ఎక్కిండు. నస్పూర్ పోతున్నమన్నరు. బొగ్గుబాయిల పేరు రాపిచ్చేటందుకు. 'ఇగ గా బండి బాగుగాదవ్వా, సిద్దిరాములు ముంగట ఇంకోసారి ఇజ్జత్ తీసుకోలేను' అన్నడు. నేనైతే నీకు చెప్పలే."

బండి హాయిగా నడుస్తూనే ఉంది. దాని పక్కన ముగ్గురూ రాళ్లలా నిలబడ్డారు.

చంద్రవ్వే ముందు తేరుకుంది. భూమన్న బండికి కట్టిన కుడివైపు ఎద్దు సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. నీళ్లు కనబడితే చాలు పండుకుంటుంది. మళ్లీ లేవాలని దానికి తోచినప్పుడే లేస్తుంది. మంచిర్యాల బాటలో ఊరు దాటాక వాగుంది. అయితే వాళ్లు ఇంకా వాగు దగ్గరే ఉండాలి. మోటరు తీస్తే అందుకోవచ్చు.

తోమాసుతో ఆ మాట అనబోతుండగా వీధి మలుపులో కొత్త టోపీ తెల్లగా మెరిసింది.

సిద్దిరాములు బండికి వెనక వైపు నుంచి రాలేదు. గోడ వారగా చుట్టు తిరిగి, ముందు నుంచి వచ్చాడు. ఆయనకు వయసుతో పాటు అనుభవం కూడా ఉంది. "ఏమంటున్నది బిడ్డా మీ తుపాకి?" అని, చెవి ఒగ్గి విన్నాడు. కనుబొమ్మలు పైకి లేచాయి. మూత మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. "ఔర! గిది గదే బండా? రాజం ఏడి మరి?"

చంద్రవ్వకు ఎటూ పాలుపోలేదు. బండిని మొగుడి కోసం పంపితే సిద్దిరాములు చూడ్డానికి బండి ఉండదు. సిద్దిరాములు కోసం బండిని ఆపితే, మొగుడు పేరు రాయించేస్తాడు. బండి ఓనరే బండిని నమ్మక బొగ్గుబాయికి పోయాడని చెబితే, ఎవరు మాత్రం బేళ్లు ఎక్కిస్తారు?

"బాట చూసేటందుకు ముందు పోయిండు మామా," అంది. నోట్లోంచి అంత సాఫుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "మంచిర్యాల బాట మీద మనకు ఎదురుపడుతడు. నిలబెట్టి చూస్తే ఏం తెలుస్తది? ముందట కూసో. బేళ్లు పోయే బాట మీదనే చూడు."

సిద్దిరాములు తోమాసు పక్కన కూర్చున్నాడు. చంద్రవ్వ, దెబోరా వెనక ఎక్కారు. ఐలవ్వ చెయ్యి ఊపింది, "వానితోని నేను చెప్పిన్నని చెప్పకు!" అని అరిచింది.

బండి ఊరు దాటి రోడ్డెక్కగానే తోమాసు కాలు గట్టిగా నొక్కాడు. తలుపులకు అద్దాలు లేవు. గాలి ఒక్క ఊపున లోపలికి దూరి, సిద్దిరాములు కొత్త టోపీని ఎత్తుకుపోయి మక్కచేనులో పడేసింది.

"నా టోపీ!"

"తిరిగొచ్చేటప్పుడు ఏరుకుందం మామా," అని చంద్రవ్వ, తన భుజం మీది ఎర్ర తువ్వాల తీసి, వెనక కిటికీ లోంచి చేతులు పోనిచ్చి ఆయన తలకు చుట్టి ముడివేసింది. నిన్ననే మగ్గం మీద నుంచి దింపిన తువ్వాల అది. సిద్దిరాములు అంచు వేళ్ల మధ్య నలిపి, "మంచి నేత," అన్నాడు. ఆ తర్వాత కుదుపులకు నిలబడలేక ఆడవాళ్లిద్దరూ బండి అడుగున కూర్చుండిపోయారు.

ముందు కూర్చున్న పెద్దమనిషికి మాత్రం పిల్లతనం వచ్చేసింది. తలుపు మీద చేత్తో చరుస్తూ, "ఇంక జోరుగ పోనియ్యి! పేలదా? నిజంగ పేలదా? ఓహో! రాజంతోని చెప్పుండ్రి, సోమారం నుంచే బేళ్లు..." అని అరుస్తున్నాడు. చంద్రవ్వ చెవులకు ఆ మాట అమృతంలా తగిలింది. కళ్లు మాత్రం పక్క చెక్కల సందు లోంచి రోడ్డు మీదే ఉన్నాయి.

చెరువు కట్ట తిరిగింది బండి. చిన్న గుట్ట దిగింది. వాగు కనబడింది.

అనుకున్నట్టే ఉంది ఎద్దు. నీళ్లలో పండుకుని, కళ్లు మూసుకుని, లోకంతో పని లేనట్టు నెమరు వేస్తోంది. దాని తల దగ్గర తలపాగా చేతిలో పట్టుకుని భూమన్న నిలబడి ఉన్నాడు. ఎడ్లబండిలో ఎవరూ లేరు. గడ్డి మీద సద్దిమూట ఉంది. దాని పక్కన పెద్ద పెద్ద చెప్పుల జత ఉంది. అంత పెద్ద చెప్పులు లక్సెట్టిపేటలో ఒక్కరివే.

తోమాసు బండి ఆపకముందే చంద్రవ్వ కిందికి దూకింది. "అన్నా! ఆయనేడి?"

భూమన్న ఆమెను చూశాడు, బండిని చూశాడు, తోమాసును చూశాడు. ముందు సీటును చూసి నోరు తెరిచాడు. "చెల్లె... నువ్వున్నవా గిండ్ల? మరి దొంగలేరి?"

"దొంగలేంది?"

"జరసేపటి కింద మోటరు సప్పుడు ఇనబడ్డది. మీ ఆయన చెవు పెట్టి ఇన్నడు. 'గిది నా బండే బావా, గని నా బండి గింత మంచిగ నడువది గద' అన్నడు. అని గా గుట్ట ఎక్కి చూసిండు. దూరంకెళ్లి దుమ్ముల ఏం కనబడ్డది? ముందు సీట్ల ఎర్ర రుమాలు. 'పర్శరాములు! నేను లేంది చూసి, బాగుచేపిచ్చుకోని ఎత్తుకపోతుండు' అని, చెప్పులు గూడ ఏసుకోకుంట చేన్లకెళ్లి అడ్డంబడి ఉరికిండు."

"ఎటు ఉరికిండు?"

"ఎటేంది? ఠాణాకు! అమీన్‌సాబ్‌ను తోల్కొస్తనన్నడు. బండి ఎక్కడ కనబడ్డా ఆపిచ్చి, గా ఎర్ర రుమాలోనికి బేడీలు ఏపిచ్చి, లక్సెట్టిపేట నడివీధిల నడిపిస్తనన్నడు."

సీట్లో అప్పటిదాకా నవ్వుతున్న పెద్దమనిషి నవ్వడం ఆపేశాడు.

"తోమాసూ, బండి తిప్పు!" అంది చంద్రవ్వ. "ఆయన ఠాణా మెట్లు ఎక్కకముందే మనం పోవాలె."

"తిప్పుత వదినె. గని మనకున్నది గీ ఒక్కటే బాట. అది ఠాణా ముందటికెళ్లే పోతది."

చేనేత సొసైటీ అధ్యక్షుడు రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి, గబగబా రుమాలు ముడి విప్పబోయాడు. ఒకసారి లాగాడు. ఇంకోసారి లాగాడు. గోళ్లతో గీకాడు. అది ఇంకా బిగుసుకుంది.

చంద్రవ్వ వేసింది నేతముడి.